గిన్నె ఖాళీగా పంపకూడదు

పుట్టినరోజుకో గృహప్రవేశానికో వెళ్తూ గాజు బొమ్మలు, గోడ గడియారాలు, ఫొటో ఫ్రేములు పట్టుకెళ్లే అలవాటు నాకు మొదటి నుంచీ గిట్టదు. ఇచ్చేవాళ్లు పది నిమిషాల్లో కొని చేతులు దులుపుకుంటారు, పుచ్చుకున్నవాళ్లు పదేళ్లపాటు దుమ్ము దులుపుతారు. మా గృహప్రవేశానికి వచ్చిన గడియారాలు కొన్ని ఇప్పటికీ అట్టపెట్టెల్లోనే అటక మీద ఉన్నాయి. మాకున్నవి రెండు గదులు. అన్నీ తగిలిస్తే రైల్వే స్టేషను అవుతుంది.

స్నేహితులకు ఇచ్చే విషయంలో నా లెక్క ఒక్కటే. ఇచ్చింది నాలుగు రోజుల్లో అయిపోవాలి. దాన్ని ఏ గిన్నెలో, ఏ సంచిలో పెట్టి ఇచ్చామో అది మాత్రం ఇళ్ల మధ్య తిరుగుతూ ఉండాలి. తినేదాన్ని ఓవెన్‌లోనో కుక్కర్‌లోనో కాల్చుకోవచ్చు. పెట్టి ఇచ్చేదాన్ని ఇంట్లో పడి ఉన్న కాగితాలతో, గుడ్డ ముక్కలతో చేసుకోవచ్చు. నేను ఉండేది బెజవాడ సత్యనారాయణపురంలో. పగలంతా ఆఫీసు, ఇలాంటి పనులకు శని, ఆదివారాలే. ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిలు కొలతలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోనులో టైపు చేసే ఓపిక లేక అన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు నాన్ ఖటాయి, అంటే నెయ్యితో చేసే గుల్ల బిస్కెట్టు. ఇది సూరత్‌లో పుట్టిందంటారు. డచ్చివాళ్ల దగ్గర రొట్టెల పని నేర్చుకున్న పార్శీలు, వాళ్లు వెళ్లిపోయాక ఆ బట్టీలు నడుపుతూ దీన్ని చేశారని కథ. మన వైపు బేకరీల్లో బల్ల మీద వెడల్పు మూత సీసాల్లో ఉండేవి. మూత తీయగానే యాలకుల వాసన వీధిలోకి వచ్చేది. ఇంట్లో చేసి పంచడానికి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. కోడిగుడ్డు తినని వాళ్లకూ పనికొస్తుంది, క్రీము ఉండదు కాబట్టి బస్సులో పట్టుకెళ్లినా పాడైపోదు, కేకు ముక్కలాగా పళ్లెమూ చెంచా అడగదు.

మా అమ్మ దగ్గర గుండ్రటి అల్యూమినియం ఓవెన్ ఉండేది. కరెంటుతో నడిచేది, మూత మధ్యలో చిన్న గాజు బిళ్ల. పిల్లలందరం ఆ గాజు బిళ్ల మీదికి వంగేవాళ్లం, 'ముక్కులు కాలతాయి, లేవండి' అని అమ్మ కసిరేది. ఇప్పుడు నాకు మామూలు పెట్టె ఓవెన్ ఉంది. ఓవెన్ లేనివాళ్లకు కుక్కర్ పద్ధతి కూడా చెబుతాను. కానీ రెండింటికీ ముందు నెయ్యి సంగతి చెప్పాలి. ఈ బిస్కెట్టు బాగుపడినా చెడిపోయినా నెయ్యి దగ్గరే.

కరిగిన నెయ్యి పనికిరాదు. పూసకట్టి, వేలితో తీస్తే వేలి మీద నిలబడే నెయ్యి కావాలి. మా ఊళ్లో డిసెంబరు, జనవరి నెలల్లో డబ్బా తెరిస్తే అలాంటి నెయ్యే ఉంటుంది. ఏప్రిల్ వచ్చిందంటే ఇక పేరుకోదు. అప్పుడు ఫ్రిజ్‌లో పావుగంట పెట్టి, అంచులు గట్టిపడుతూ మధ్యలో ఇంకా మెత్తగా ఉండగానే తీసి ఒకసారి కలపాలి. పూర్తిగా గడ్డకట్టాక తీస్తే పంచదారతో కలవదు, ఉండలు ఉండలుగా మిగిలిపోతుంది.

కొలతలు గ్రాముల్లో ఇస్తున్నాను, కప్పుల గొడవ నాకు నచ్చదు. ఒక్కో ఇంట్లో ఒక్కో కప్పు. మైదా 130 గ్రాములు, శనగపిండి 30, బొంబాయి రవ్వ 20, పంచదార పొడి 65, నెయ్యి 110. వంటసోడా పావు టీస్పూను, ఉప్పు చిటికెడు, నాలుగైదు యాలకుల పొడి. ఉసిరికాయంత ఉండలు చేస్తే ఇంచుమించు 18 వస్తాయి. పంచదార పొడి అప్పటికప్పుడు మిక్సీలో పట్టుకుంటే మేలు. కొన్న పొడిలో గడ్డకట్టకుండా మొక్కజొన్న పిండి కలుపుతారు, దానితో రుచి కాస్త పొడిబారుతుంది.

వెడల్పాటి పళ్లెంలో నెయ్యి, పంచదార పొడి వేసి అరచేతి మొదలుతో రుద్దాలి. చెంచాతో వద్దు. చేతి వేడి కొద్దిగా తగలాలి, ఎక్కువ తగలకూడదు. మొదట్లో పసుపుపచ్చగా ఉండి, పళ్లెం మీద గరగరమంటుంది. కాసేపటికి ఆ గరుకు చేతికి తెలియడం మానేస్తుంది. ఇంకొంచెం రుద్దితే రంగు పాలిపోతుంది, పది నిమిషాలయ్యేసరికి తెల్లగా, ముందున్న దానికి ఒకటిన్నర రెట్లు ఉబ్బి కనిపిస్తుంది. చప్పుడు కూడా మారుతుంది, గరగర పోయి చెయ్యి నిశ్శబ్దంగా జారుతుంది. వేలితో గీత గీయండి. గీత అంచులు కూలకుండా నిలబడితే అయినట్టే. ఇంతసేపూ లోపల చేరింది గాలి. బిస్కెట్టు నోట్లో వేసుకోగానే గుల్లగా విరగడానికి ఆ గాలే కారణం.

మైదా, శనగపిండి, సోడా, ఉప్పు కలిపి జల్లించి, రవ్వ, యాలకుల పొడి చేర్చి ఇందులో వేయాలి. ఇక్కడ పిసకడం మొదలుపెట్టారంటే ఇంతసేపటి కష్టం వృథా. మునివేళ్లతో దగ్గరకు చేరిస్తే చాలు. ముద్ద కాస్త పొడిపొడిగా అనిపించినా నీళ్లు, పాలు చుక్క కూడా పోయవద్దు. తడి తగిలితే మైదాలో జిగురు పుట్టి సాగుతుంది, అది కాలిందంటే పళ్లకు పని. నెయ్యి ఆ జిగురు పుట్టకుండా పిండి రేణువులకు పట్టుకుని అడ్డం పడుతుంది. శనగపిండిలో మైదాకు ఉండే ఆ సాగే జిగురు లేనే లేదు. అందుకే కొంచెం శనగపిండి కలిస్తే ఇంకా గుల్లగా వస్తాయి. మరీ ఎక్కువ వేస్తే లడ్డూ రుచి వస్తుంది, అది వేరే పదార్థం.

ముద్దను మూతపెట్టి 20 నిమిషాలు వదిలేసి, ఉండలు చేసి, కొద్దిగా అదిమి, మధ్యలో బాదం పలుకో పిస్తా పలుకో గుచ్చి, ట్రేలో ఎడం ఎడంగా పెట్టాలి. కాలేటప్పుడు విచ్చుకుంటాయి. ఓవెన్‌ను ముందే 170 డిగ్రీలకు వేడి చేసి ఉంచితే 15 నుంచి 18 నిమిషాలు. పైన పగుళ్లు రావాలి, అడుగు అంచు లేత గోధుమ రంగుకు తిరగాలి, పైభాగం తెల్లగానే ఉండాలి. తీయగానే వేలితో నొక్కి 'ఇంకా పచ్చిగానే ఉన్నాయి' అని మళ్లీ లోపలికి తోసేవాళ్లు ఉంటారు. మా వారు ఆ జట్టు. వేడి మీద మెత్తగానే ఉంటాయి, చల్లారితేనే గట్టిపడతాయి. అరగంట ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

కుక్కర్‌లో అయితే: పాత కుక్కర్ తీసుకోండి, కొత్తదాన్ని ఖాళీగా వేడి చేసి పాడుచేయకండి. మూతకు ఉన్న రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి. ఇది మరిచిపోకూడని సంగతి. అడుగున అంగుళం మందాన గల్లుప్పు పరిచి, మీద స్టాండు పెట్టి, మూతపెట్టి మధ్యస్థమైన మంట మీద పది నిమిషాలు వేడెక్కనివ్వండి. నీళ్లు పోయకూడదు. తర్వాత నెయ్యి రాసిన చిన్న పళ్లెంలో ఐదారు ఉండలు పెట్టి లోపల ఉంచి, మంట బాగా తగ్గించి 20 నిమిషాల తర్వాత చూడండి. వేడి కింది నుంచి వస్తుంది కాబట్టి పైన రంగు రాదు. ఒకదాన్ని గరిటెతో ఎత్తి అడుగు చూసుకోవాలి. ఆ ఉప్పు బూడిద రంగుకు తిరుగుతుంది. ఒక సీసాలో పోసి దాచుకుంటే మళ్లీ మళ్లీ ఇదే పనికి వస్తుంది, కూరలోకి మాత్రం రాదు.

ఇంట్లో ఈ రెండూ కుదరనివాళ్లకు ఇంకో దారి ఉంది. హైదరాబాదు పాతబస్తీలో ఇంటి నుంచి మైదా, నెయ్యి, పంచదార తీసుకెళ్లి బేకరీలో ఇచ్చి, ఎదురుగా బిస్కెట్లు చేయించుకునే ఆనవాయితీ ఉంది. మీ వీధి బేకరీ ఆయనతో మాటల్లో అడిగి చూడండి. పెద్ద పండగల ముందు రోజు మాత్రం అడగకండి, పాపం ఆయనకు ఊపిరాడదు.

ఇక సంచులు. తెలుగింటి ఆడవాళ్ల బీరువాల్లో జాకెట్టు ముక్కల సంగతి నేను చెప్పనక్కర్లేదు. పేరంటానికి వెళ్తే ఒకటి, వ్రతానికి వెళ్తే ఒకటి, పండుకీ తమలపాకులకూ తోడుగా ఇంకొకటి. వచ్చినదాన్ని ఎవరూ కుట్టించుకోరు. శ్రావణమాసంలో నా దగ్గర నుంచి బయలుదేరిన చిలకాకుపచ్చ ముక్క ఒకటి కార్తీకంలో తాంబూలంతో పాటు నా ఒళ్లోకే వచ్చింది. షాపువాడు అంచుకు అంటించిన ధర చీటీ సగం చింపింది నేనే కాబట్టి గుర్తుపట్టాను. ఇచ్చినావిడ ముఖం చూశాను, ఆవిడకు ఏమీ తెలియదు. ఎన్ని ఇళ్లు తిరిగి వచ్చిందో దానికే తెలియాలి.

ఆ ముక్కనే మొదట కత్తిరించాను. మామూలు జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు ఉంటుంది, పన్నా 90 అనుకోండి. పొడుగు వైపు నాలుగు, పన్నా వైపు రెండుగా కోస్తే 20కి 45 కొలతలో ఎనిమిది ముక్కలు వస్తాయి. ఒక్కోదాన్ని మధ్యకు మడిస్తే ఒక్కో సంచి. మంచి వైపు లోపలికి పెట్టి రెండు పక్కలా కుట్టాలి, పైన మూడు సెంటీమీటర్లు కుట్టకుండా వదలాలి. ఆ వదిలిన అంచును బయటికి మడిచి కుడితే నాడా దూరే గొట్టం తయారవుతుంది. నాడా చివర పిన్నీసు గుచ్చి లోపలికి తోస్తూ పోతే ఇటు నుంచి అటు వస్తుంది. కుట్టుమిషను లేకపోతే సూది, దారంతో టీవీ చూస్తూ కుట్టవచ్చు, సంచికి అరగంట చాలు. టూ బై టూ అనే నూలు జాకెట్టు గుడ్డ అన్నిటికంటే బాగా కుదురుతుంది. సిల్కు, శాటిన్ ముక్కలు జారిపోతాయి, వాటిని పేరంటాల్లోనే తిరగనివ్వండి. ముదురు రంగులైతే ముందు ఉప్పు నీళ్లలో నానబెట్టి ఉతకాలి. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది కదా, ఉతికితే అదీ పోతుంది.

స్వీటు డబ్బాల చుట్టూ చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొరను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. నిషేధం ఉన్నా లేకపోయినా ఆ పొర చప్పుడు నాకు చిరాకు. ఈ సంచిలో బటర్ పేపరు పరిచి ఎనిమిది నాన్ ఖటాయి వేసి నాడా బిగిస్తే చేతిలో పట్టుకోవడానికే ముచ్చటగా ఉంటుంది. బిస్కెట్లు అయిపోయాక ఆ సంచిలో ఏం పెట్టుకుంటారో వాళ్ల ఇష్టం. మా ఆఫీసులో ఒకమ్మాయి ఫోను చార్జరు వేసుకుంటుంది. మా అత్తగారు చిల్లర వేసుకుని గుడికి పట్టుకెళ్తారు.

అసలు నాకు ఎక్కువ ఇష్టమైనది కాగితం గుజ్జు గిన్నె. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇది మన ఇళ్లలో పూర్వం అందరికీ తెలిసిన పని, ఇప్పుడు చూపించేవాళ్లు తగ్గిపోయారు. మా అమ్మమ్మ కొత్త చేట కొనగానే దాని సందులు పూడ్చడానికి పాత కాగితాలు, మెంతులు నానబెట్టి రుబ్బి ఆ గుజ్జు అలికేది. బియ్యం చెరిగితే నూకలు కూడా జారకుండా ఉండేది. మిగిలిన గుజ్జుతో బిందె అడుగు మీద బుట్టలు చేసి పప్పులు, ఎండుమిర్చి పోసుకునేది. మెంతుల వల్ల రెండు లాభాలు. నానితే వచ్చే జిగురు కాగితాన్ని పట్టి ఉంచుతుంది, చేదుకు పురుగు దగ్గరకు రాదు.

పాత దినపత్రికలను బొటనవేలంత ముక్కలుగా చింపి బకెట్టులో నానబెట్టాలి. రెండు రోజులు, పూటపూటకూ నీళ్లు మార్చాలి. మార్చకపోతే వచ్చే వాసనకు ఇరుగుపొరుగు తలుపులు వేసుకుంటారు. కిలో కాగితానికి నేను 150 గ్రాముల మెంతులు వేస్తాను, వాటిని వేరే గిన్నెలో ఒక రాత్రి నానబెడతాను. మెంతులు ముందు మెత్తగా రుబ్బి, తర్వాత నీళ్లు పిండేసిన కాగితం కొద్దికొద్దిగా చేరుస్తూ గ్రైండరులో తిప్పాలి. మిక్సీలో వేసేవాళ్లు గుప్పెడు చొప్పున, నీళ్లు ఎక్కువ పోసుకుని వేయండి, లేకపోతే మోటారు కాలిన వాసన వస్తుంది. చివరికి వచ్చే ముద్ద ముదురు బూడిద రంగులో, పట్టుకుంటే చల్లగా, వేళ్ల మధ్య నుంచి జారకుండా ఉంటుంది. చూడటానికి ఏమీ బాగుండదు. అది చూసి వదిలేయకండి.

ఒక స్టీలు గిన్నె బోర్లించి, దాని మీద తడి బట్ట కప్పి, గుజ్జును నిమ్మకాయంత ఉండలుగా తీసుకుని కింది అంచు నుంచి పైకి అతుకుతూ పోవాలి. అర అంగుళం మందం ఉంటే ఆరాక సగానికి దిగుతుంది. చేతిని నీళ్లలో ముంచుతూ నిమిరితే అతుకులు కనబడవు. మొదటి రోజు నీడలో ఆరాలి. తీసుకెళ్లి నేరుగా ఎండలో పెడితే పైపొర ముందు బిగిసి పగుళ్లు వస్తాయి. రెండో రోజు నుంచి ఎండ. పైభాగం గట్టిపడ్డాక గిన్నె మీద నుంచి తీసి, బట్ట ఊడదీసి, లోపలి వైపు కూడా ఎండబెట్టాలి. గోరుతో కొడితే టకటకమంటే ఆరినట్టు. మెత్తగా చప్పుడైతే ఇంకో రోజు. కిలో కాగితానికి నాలుగైదు మోస్తరు గిన్నెలు అవుతాయి.

ఆరాక ఉప్పు కాగితంతో అంచులు రుద్ది రంగు వేసుకోవచ్చు. నేను గోడలకు వేసే జాజు పూసి, సున్నంతో సన్న గీతల ముగ్గు పెడతాను. మా స్నేహితురాలు ఒకావిడ పాత పట్టుచీర అంచు కత్తిరించి చుట్టూ అంటిస్తుంది. దానికి కొన్న గమ్ము అక్కర్లేదు. మా ఊరికి పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మల భాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఆ చింతగింజల జిగురే మనకూ పనికొస్తుంది. గింజలు వేయించి పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, నీళ్లలో కలిపి చిక్కబడేదాకా ఉడికిస్తే చాలు. రెండు రోజులు దాటితే పులుస్తుంది, కావలసినంతే చేసుకోండి.

రెండు జాగ్రత్తలు. ఈ గిన్నెను కడగకూడదు, పొడిబట్టతో తుడవాలి. తినేదాన్ని నేరుగా ఇందులో పెట్టకూడదు. అచ్చు సిరా తిండికి అంటడం మంచిది కాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించింది, 2018 నాటి ప్యాకింగు నిబంధనల్లో దినపత్రికల్లో తిండి చుట్టడాన్ని నిషేధించింది కూడా. మనం చేసే గిన్నె నిండా ఆ సిరాయే కదా. అందుకని సంచిలో వేసిన బిస్కెట్లను గిన్నెలో పెట్టి ఇస్తాను. లేదా అరటాకు ముక్క మీద బటర్ పేపరు వేసి పెడతాను. ఇంకో కారణం కూడా ఉంది. కొత్త గిన్నెకు మెంతి వాసన రెండు మూడు వారాలు వదలదు. నెయ్యి వాసనలు ఇట్టే పట్టేస్తుంది. మా ఎదురింటి పిన్నిగారు ఒకటి కొరికి, ఇంకొకటి కొరికి, చాలాసేపు ఆలోచించి, 'అమ్మాయ్, ఇందులో మెంతికూర వేశావా?' అన్నారు.

'లేదండీ పిన్నిగారూ, గిన్నె కొత్తది' అన్నాను.

'గిన్నెకు మెంతికూర ఎందుకు వేశావు?' అన్నారు. ఆ తర్వాత పావుగంట ఆవిడ వాళ్ల పుట్టింట్లో గుజ్జు బుట్టలు ఎంత పెద్దవి చేసేవారో, వాళ్ల మేనత్త ధాన్యం పోసేంత బుట్ట ఎలా చేసిందో చెబుతూ కూర్చున్నారు. మెంతులతో పాటు కాస్త ముల్తానీ మట్టి కలిపితే గిన్నె నున్నగా వస్తుందని చెప్పింది కూడా ఆవిడే. కలిపి చూశాను, నిజమే.

గిన్నె వెళ్లాక అది తిరిగి రావడం ఇంకో కథ. ఇచ్చిన గిన్నెను ఖాళీగా పంపకూడదని మన పెద్దవాళ్ల పట్టింపు. ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేసి పంపుతారు. స్టీలు సామాను రోజుల్లో ఎవరి గిన్నె ఎవరిదో తెలియడానికి పేర్లు చెక్కించేవారు. సామాన్ల కొట్టులోనే ఒకాయన చిన్న మరతో ఝుయ్యిమని చెక్కేవాడు. మా వంటింట్లో ఇప్పటికీ మూడు వేరు వేరు ఇంటిపేర్ల డబ్బాలు ఉన్నాయి. వాటిలో ఒక ఇంటిపేరు వాళ్లెవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మనవి కూడా రెండు మూడు ఎవరింట్లోనో అలాగే ఉండి ఉంటాయి కాబట్టి లెక్క సరిపోయిందనుకుంటాను. గుజ్జు గిన్నె మీద పేరు చెక్కలేం. అడుగున పెన్సిలుతో నెల, సంవత్సరం రాస్తాను. పుచ్చుకున్నవాళ్లు దాని కింద వాళ్లు ఇచ్చిన నెల రాయాలని మా డబ్బాల బృందంలో ఒప్పందం. ఆఫీసులో మధ్యాహ్నం కలిసి తినే ఆరుగురికి ఆ పేరు. ఇప్పటివరకూ నాకు వచ్చినవాటిలో ఒక గిన్నెలో చేగోడీలు వచ్చాయి, ఒకదానిలో పెరట్లో కాసిన నిమ్మకాయలు. ఒకదానిలో బంతి నారు, వేళ్లకు తడి గుడ్డ చుట్టి. ఆ తడికి గిన్నె అడుగు కొంత మెత్తబడింది, ఎండలో పెడితే మళ్లీ బిగిసింది. అడుగున రాసిన నెలలు మాత్రం పోయాయి.

గుణదలలో ఉండే స్నేహితురాలు క్రిస్మస్‌కు గులాబీ పువ్వులు పంపుతుంది. అవి కాల్చేవి కావు, ఇనప అచ్చుతో నూనెలో వేయించేవి. చూసేవాళ్లకు మంత్రంలా అనిపించినా అందులో కిటుకు ఒక్కటే. అచ్చు నూనెలో బాగా వేడెక్కాలి, పిండిలో ముప్పాతిక వంతు మాత్రమే మునగాలి. పైదాకా ముంచితే పిండి అచ్చును కప్పేస్తుంది, ఇక పువ్వు ఊడి రాదు. కొత్త అచ్చు కొన్నవాళ్లు ఒక రాత్రి నూనెలో నానబెట్టి వాడండి. పాత అచ్చు ఎవరైనా ఇస్తామంటే మారుమాట లేకుండా తీసుకోండి.

బెల్లం కేకు కూడా చాలామంది అడిగారు. గోధుమపిండి ఒకటిన్నర కప్పు, బెల్లం తురుము కప్పు, చిలికిన పెరుగు కప్పు, వాసన లేని నూనె అర కప్పు, బేకింగ్ పౌడరు టీస్పూను, వంటసోడా అర టీస్పూను. చూశారా, దీనికి మాత్రం గ్రాములు నాకూ లేవు. అమ్మ కప్పుతోనే చేస్తాను. బెల్లాన్ని కాసిని వేడి నీళ్లలో కరిగించి వడకట్టి చల్లార్చాలి, అందులో ఇసుక లేని బెల్లం నేను ఇంతవరకూ చూడలేదు. పెరుగులో పులుపుకు సోడా తగలగానే గాలి బుడగలు పుడతాయి. అందుకని సోడా కలిపిన పిండిని పక్కన పెట్టి ఫోను మాట్లాడకండి, వెంటనే 180 డిగ్రీల ఓవెన్‌లోకి వెళ్లిపోవాలి. 35 నుంచి 40 నిమిషాలు. గుచ్చిన పుల్ల తడి లేకుండా రావాలి. మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది, మూడో రోజుకు ఈ ఊరి ఉక్కలో బూజు పట్టే ప్రమాదం ఉంది, కాబట్టి దూరం పంపడానికి పనికిరాదు.

కొవ్వొత్తులు, సబ్బులు కూడా చేయండని అంటుంటారు. సబ్బుకు కాస్టిక్ సోడాతో పని, పిల్లలు తిరిగే ఇంట్లో నాకు ఆ ధైర్యం లేదు. కొవ్వొత్తులు ఇస్తే అవి షోకేసులోకి పోతాయి. కరెంటు పోయిన రోజున కూడా ఎవరూ వాటిని వెలిగించరు.

క్రిస్మస్‌కో సంక్రాంతికో గిన్నెలు ఇవ్వాలనుకునేవాళ్లకు ఒక మాట. చలికాలం ఎండలో గిన్నె ఆరడానికి వారం పైనే పడుతుంది, మెంతి వాసన పోవడానికి ఇంకో రెండు మూడు వారాలు. అంటే నవంబరు సగంలోనే కాగితాలు బకెట్టులో పడాలి. ఈ ఆదివారం పాత పేపర్లవాడు వస్తే అన్నీ తూకానికి వేసేయకుండా రెండు కిలోలు పక్కకు తీయండి. అందులోంచి నున్నగా మెరిసే అనుబంధాలను, ప్రకటనల కాగితాలను ఏరి ఆయనకే ఇచ్చేయండి. అవి రెండు రోజులు కాదు, నాలుగు రోజులైనా నానవు.